తేలినీలాపురంలో జువాలజీ పాఠం

శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు వస్తాయి. ఊరి చెట్ల మీద గూళ్లు కట్టి, గుడ్లు పొదిగి, పిల్లలకు రెక్కలొచ్చాక వేసవి మొదట్లో వెళ్లిపోతాయి. ఊరివాళ్లు వాటిని పురిటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. ఇవి సైబీరియా పక్షులని చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు.

పలాస, టెక్కలి వైపు డిగ్రీలో జువాలజీ చదివే పిల్లలకు ఇంతకు మించిన ప్రశ్న దొరకదు. సైబీరియా పక్షులు అక్కడి వేసవిలో గుడ్లు పెట్టి, చలికాలం గడపడానికి మాత్రమే ఇటు వస్తాయి. ఇక్కడ గూడు కట్టవు. మరి తేలినీలాపురంలో గూళ్ల నిండా పిల్లలెందుకున్నాయి? ఎందుకంటే ఈ రెండు జాతులూ మన ఉపఖండానివీ, దాని పక్క దేశాలవీ. నీళ్లు, చేపలు ఎక్కడ దొరికితే అక్కడికి తిరుగుతాయి. గూటిలో పిల్లను చూసి, నోట్‌బుక్‌లో తేదీ వేసుకున్న విద్యార్థి ఈ సంగతి తనంతట తానే పట్టుకోగలడు. వలసల అధ్యాయాన్ని పదిసార్లు వల్లె వేసినా ఆ పట్టు రాదు.

ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచిది వేరే క్యాలెండరు. నత్తగుల్ల కొంగలు అక్కడికి తొలకరి వానలతో పాటు చేరతాయి. వాటి ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. ఆహారం నత్తలు. వరి మడుల్లో నీళ్లు నిలిస్తే నత్తలు దొరుకుతాయి, అప్పుడే పిల్లల్ని పెంచే కాలం. ముక్కు, నత్త, వాన, వరి: జీవావరణ శాస్త్రమంతా ఒక్క పొలం గట్టు మీద కనిపిస్తుంది.

కాలేజీ ల్యాబుల్లో జంతువుల కోతను యూజీసీ క్రమంగా మాన్పించింది. అది మంచిదే. ఆ ఖాళీని బొమ్మలతో, వీడియోలతో సరిపెట్టకూడదు. 2020-21 నుంచి ఆంధ్రప్రదేశ్ డిగ్రీలో 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది తర్వాత 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కూడా అందులో భాగమే. ఆ గంటల్లో కొన్నైనా చెరువు గట్టుకూ, సముద్రపు ఒడ్డుకూ దక్కాలి.

ఉద్దానం తీరంలో చేయదగ్గ పని చాలా ఉంది. జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. పుట్టేది ఆడో మగో తేల్చేది ఇసుక వేడి. వేడెక్కువైతే ఆడవే ఎక్కువ పుడతాయి. గుడ్లను ముట్టుకోనక్కర్లేదు. గూళ్లకు దూరంగా, నీడలో ఒకచోట, ఎండలో ఒకచోట, గూడు ఎంత లోతుంటుందో అంత లోతున ఇసుకలో థర్మామీటరు గుచ్చి రాసుకుంటే చాలు. దిబ్బల మీద మీటరు పొడవు, మీటరు వెడల్పున తాడు పరిచి, అందులో రావణాసురుడి మీసాలనే గడ్డి దుబ్బులెన్ని, బాలబంద తీగెంత అని లెక్కిస్తే బోటనీ ప్రాజెక్టూ అయిపోతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటల్ని కూల్చేసిన చోట ఏ మొక్కలు తిరిగి లేచాయన్నది ఇంకో ప్రాజెక్టు.

ఏటా జనవరిలో ఆసియాలోని చాలా దేశాల్లో నీటిపక్షుల లెక్కింపు జరుగుతుంది. సోంపేట బీల చిత్తడి నేలల్లోనో, నౌపడా ఉప్పు మడుల్లోనో లెక్కపెట్టిన డిగ్రీ విద్యార్థి అంకె కూడా అందులో చేరవచ్చు. దానికి కావలసింది బైనాక్యులరు, పెన్సిలు, పక్షుల్ని గుర్తుపట్టడం నేర్పే మాస్టారు.