తలకు 'కరెంటు' పెడితే ఇక ఆఖరేనా?

మా ఊళ్లలో రేడియేషన్‌ను 'కరెంటు పెట్టడం' అంటారు. తలకు కరెంటు పెట్టాలన్నారంటే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. మా ఇళ్లలో మొదట డిగ్రీ చదివింది మేమే కాబట్టి ఆస్పత్రి కాగితాలన్నీ మా చేతికే వస్తాయి. అవి చదివి పెద్దవాళ్లకు చెప్పడానికి నేర్చుకున్నదే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు రాస్తున్నాం.

ముందుగా, అది కరెంటు కాదు. షాక్ కొట్టదు, నొప్పి ఉండదు. క్యాన్సర్ కణాల డీఎన్ఏను దెబ్బతీసే కిరణాలవి.

మెలనోమా చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్. రక్తం వెంట మెదడుకు పాకే గుణం దీనికి ఎక్కువ. పూర్వం అలా పాకితే తల మొత్తానికి కిరణాలు పెట్టేవారు. జుట్టు రాలేది, జ్ఞాపకశక్తి తగ్గేది, మెలనోమా మాత్రం అంత తేలిగ్గా లొంగేది కాదు.

చిన్నప్పుడు భూతద్దంతో ఎండలో కాగితం కాల్చాం గదా! ఎండంతా ఒక్కచోట చేరితేనే కాగితం అంటుకుంటుంది. స్వీడన్ డాక్టర్ లార్స్ లెక్సెల్ 1951లో చెప్పిన రేడియోసర్జరీ దాదాపు అలాంటిదే. ఇప్పటి గామా నైఫ్ యంత్రంలో 192 సన్నని కిరణాలుంటాయి. విడివిడిగా ఏదీ పెద్దగా హాని చేయదు, అన్నీ కలిసే చోట గడ్డ దెబ్బతింటుంది. పేరులో కత్తి ఉన్నా కోత లేదు. తల కదలకుండా ఫ్రేమో మాస్కో బిగిస్తారు, అంతే.

అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కు 2015 ఆగస్టులో, 90 ఏళ్ల వయసులో, మెదడులో 4 మెలనోమా మచ్చలు కనబడ్డాయి. ఒక్కోటి 2 మిల్లీమీటర్లు. రేడియేషన్‌తో పాటు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఇచ్చారు. డిసెంబరు స్కానింగులో మచ్చలు కనబడలేదు. ఆయన 2024 డిసెంబరులో, 100 ఏళ్లు నిండాక కన్నుమూశారు. ఇందులో కిరణాల వాటా ఎంత, మందు వాటా ఎంత అని విడదీయలేం. అందరికీ ఇలా జరగదు కూడా. గడ్డ పెద్దదైతే ఆపరేషన్ కావాలి. కిరణాలు తగిలినచోట నెలల తర్వాత వాపు రావచ్చు. ఆ మందు ఖరీదు చూస్తే మనలాంటి వాళ్లకు కళ్లు తిరుగుతాయి.

నల్లని చర్మానికి ఈ జబ్బు అరుదు. వస్తే మాత్రం ఎక్కువగా అరికాల్లోనో, గోరు కిందో వస్తుంది. జమైకా గాయకుడు బాబ్ మార్లేకు 1977లో కాలి బొటనవేలి గోరు కింద బయటపడింది. మెదడుకూ పాకి 1981లో 36 ఏళ్లకే పోయాడు. చెప్పుల్లేకుండా పొలాల్లో తిరిగే మన అమ్మానాన్నలు అలాంటి మచ్చను ముల్లు గుచ్చుకున్న గుర్తనుకుంటారు. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు వాళ్ల పాదాలు ఓసారి తిప్పి చూడండి. నల్లమచ్చ పెరుగుతున్నా, మానని పుండున్నా చర్మం డాక్టరుకు చూపించండి.