లూసర్న్ పశుగ్రాసం: నిలిచిన పైరులో భాస్వరం యాజమాన్యం

పాడి పశువులకు మాంసకృత్తులు సమృద్ధిగా అందించే పప్పుజాతి పశుగ్రాసం లూసర్న్. ఒకసారి విత్తితే మూడు, నాలుగేళ్లపాటు పలు కోతలనిస్తుంది. అయితే విత్తేనాడు దుక్కిలో వేసిన భాస్వరమే చివరివరకు సరిపోతుందని భావించడం సరికాదు.

ప్రతి కోతతోపాటు కొంత భాస్వరం పొలం దాటిపోతుంది. ఎరువుల లెక్కన ఎండుమేత టన్నుకు ఇది సుమారు 6 కిలోలు. అనగా 10 టన్నులకు 60 కిలోలు. 375 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌లో లభించేంత.

వేరుబుడిపెల ద్వారా గాలిలోని నత్రజనిని గ్రహించే ఈ పైరుకు భాస్వరం కొరవడితే ఆ శక్తి సన్నగిల్లుతుంది. కోత తర్వాత చిగురు మందగించి, క్రమేణా మొక్కలు పలచబడతాయి. ఈ లోటును యూరియా తీర్చజాలదు.

భాస్వరం నేలలో అంతగా కదలదు. నిలిచిన పైరును దున్ని కలిపే వీలూ లేదు. అయినప్పటికీ పైపొరలోని పీచువేళ్లు తడి ఉన్నంతవరకు దానిని గ్రహించగలవు. కనుక కోసిన వెంటనే సూపర్ ఫాస్ఫేట్ చల్లి, నీరు పెట్టాలి. దీనివలన 11 శాతం గంధకం కూడా పైరుకు సమకూరుతుంది.

మోతాదును భూసార పరీక్ష ఆధారంగానే నిర్ణయించాలి. లభ్య భాస్వరం అధికమని తేలిన పొలంలో ఆ ఏడాది ఎరువు మానవచ్చు. ఫాస్ఫేట్ ముడిసరుకుకు దేశం ప్రధానంగా దిగుమతులపైనే ఆధారపడుతున్నందున, ఈ పొదుపు రైతుకూ దేశానికీ మేలు చేస్తుంది.