అంకెల వీధుల్లో సినిమా చరిత్ర

జూబ్లీహిల్స్‌లో దారి అడిగితే జవాబు అంకెల్లోనే వస్తుంది. రోడ్ నంబర్ 36 దాటి 45కి వెళ్లండి, అక్కణ్నుంచి ఫిల్మ్‌నగర్ దగ్గరే అంటారు. తెలుగు సినిమా దశాబ్దాలుగా కాపురముంటున్న పేట ఇది. ఆ కథ మాత్రం అంకెలకు తెలియదు. దాన్ని వీధి పలకల మీద రాయాలి.

చెప్పుకోవడానికి చాలా ఉంది. అమీర్‌పేట సారథి స్టూడియోలో తీసిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో విడుదలైంది. చిత్రపరిశ్రమ ఇంకా మద్రాసులోనే ఉన్న రోజుల్లో, 1976లో, అక్కినేని నాగేశ్వరరావు బంజారాహిల్స్ రాళ్లగుట్టల్లో అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచారు. తర్వాత నిర్మాత రామానాయుడు ఫిల్మ్‌నగర్‌లో స్టూడియో కట్టారు. ఫిల్మ్ చాంబర్ కూడా ఇక్కడే ఉంది. కొండ దిగితే కృష్ణానగర్. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, మేకప్ వాళ్లు అద్దెకుండే ఇరుకు సందులవి. తెర మీద పేరు పడని వాళ్లకు కనీసం వీధిలోనైనా గుర్తింపు దక్కాలి.

విగ్రహాలు లేకపోలేదు. అక్కినేని శతజయంతి సందర్భంగా 2023 సెప్టెంబర్ 20న అన్నపూర్ణలో ఆయన విగ్రహం వెలిసింది. కానీ అది స్టూడియో ఆవరణలో ఉంది. వీధి పలక అలా కాదు, ఆటో ఎక్కినవాళ్లకూ నడిచి వెళ్లేవాళ్లకూ రోజూ ఎదురవుతుంది.

పేరు పెట్టిన చోట ఎలా ఉంటుందో పక్కనే బంజారాహిల్స్‌లో చూడొచ్చు. అక్కడ ఎల్.వి.ప్రసాద్ మార్గ్ ఉంది. ఏలూరు దగ్గరి పల్లెలో పుట్టి, తొలి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’లో నటించి, దర్శక నిర్మాతగా ఎదిగి, 1982 ఫాల్కే పురస్కారం అందుకున్న మనిషి ఆయన. ఆయన పేరిట 1987లో మొదలైన కంటి ఆసుపత్రి ఉన్నది ఆ దారిలోనే. పేరు కింద ఈ రెండు ముక్కలూ రాస్తే పలకే పాఠమవుతుంది.

చెన్నై కూడా ఇదే దారిలో ఉంది. నుంగంబాక్కంలో ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం నివసించిన కామ్‌దార్ నగర్ వీధికి ఆయన పేరు పెడుతున్నట్టు 2024లో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. ముంబై బాంద్రాలో చిత్రకారుడు రంజిత్ దహియా 2012 నుంచి గోడల మీద హిందీ సినిమా చరిత్రను గీస్తున్నారు. ఫాల్కే బొమ్మ అక్కడ ఒక భవనం గోడనంతా ఆక్రమించింది. హైదరాబాద్‌కూ ఈ అనుభవం ఉంది. రాజ్‌భవన్ వెనక ఉన్న మక్తా బస్తీ ఇళ్ల గోడలు 2016లో చిత్రాలతో నిండాయి. వాటిని చూడటానికే జనం ఆ బస్తీకి వెళ్లారు.

పలకలు గీసే చేతులకూ కరువు లేదు. ఫ్లెక్సీలు రాకముందు సినిమా హోర్డింగులన్నీ కుంచెతో వేసినవే. ‘సాక్షి’ సినిమాతో 1967లో మొదలుపెట్టిన ఈశ్వర్ వేల సినిమాలకు పోస్టర్లు రూపొందించారు. చిత్రకారుడు బాపు చేతిరాత కంప్యూటర్ ఫాంటుగా మారింది, ఎన్టీఆర్ పేరుతోనూ ఒక తెలుగు ఫాంటు ఉంది. ఇలాంటి అక్షరాలతో రాసి, పాత పోస్టర్ల రంగులద్దితే ఆ పలక తెలుగువాళ్లదని చూడగానే తెలుస్తుంది.

నంబర్లు తీసేయనక్కర్లేదు. ఉత్తరాలకూ అంబులెన్సులకూ అవి కావాలి. వాటి కిందే ఒక పేరు, ఒక బొమ్మ, రెండు వాక్యాలు చేరిస్తే చాలు. నగరపాలక సంస్థ, ఫిల్మ్ చాంబర్, కాలనీ సంఘాలు కలిసి కూర్చుని మొదటి పలకను కృష్ణానగర్‌లో పెట్టాలి.