రెండు చిట్టాల పొందిక



ఒక రైతు తన బోరుబావికి మోటారు కొనెను. అంగడివాడు అతని పేరును, ఊరును, ఫోను నంబరును వ్రాసికొని కంపెనీకి పంపెను. ఒకనాడు మోటారు కాలిపోగా రైతు కంపెనీకి ఫోను చేసి ఫిర్యాదు చెప్పెను. ఇది మనకు ఒకే పనివలె తోచును గాని, కంపెనీలో దీనికి రెండు చిట్టాలు కలవు.

మొదటిది కొనుగోలుదారుల చిట్టా. ఎవరు, ఏ ఊరివారు, ఏ వస్తువు కొనిరి, ఎప్పుడేమి చెప్పిరి అను సంగతులు అందుండును. దీనిని సీఆర్ఎం అందురు. రెండవది పనుల చిట్టా. ఫిర్యాదు ఎవరి చేతికి పోయినది, మరమ్మతుకు ఎవరు బయలుదేరిరి, పని ముగిసినదా లేదా అనునవి అందుండును. దీనిని వర్క్‌ఫ్లో సాఫ్టువేరు అందురు. రెండును కంప్యూటరులలోనే యుండును. తరచుగా వేర్వేరు సంస్థలు తయారుచేసినవై యుండును. ఇవి ఎవరికి వారే యమునా తీరే యన్నట్లున్నచో, రైతు చెప్పిన మాట ఒకచోటనే నిలిచిపోవును, మెకానిక్కునకు చేరదు. వీనిని కలుపుటను గూర్చియే నేను నేడు మీకు మనవి చేయుచున్నాను.

1999లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున సేల్స్‌ఫోర్స్ అను సంస్థ ఏర్పడి, కొనుగోలుదారుల చిట్టాను ఇంటర్నెట్టు ద్వారా చందాకు ఇచ్చు పద్ధతిని వ్యాపింపజేసెను. ఇట్టి చిట్టాలకు ఏపీఐ అను ఒక కిటికీ యుండును. కచేరీ కిటికీకడ నిలిచి, నియమించిన నమూనాలో అర్జీ ఇచ్చినచో జవాబు వచ్చునట్లు, ఒక సాఫ్టువేరు ఈ కిటికీ ద్వారా రెండవదానిని అడిగి సంగతులు తెలిసికొనును; క్రొత్తవి చెప్పును. కిటికీ తెరచుట సులభము. అడుగువానికిని చెప్పువానికిని నడుమ ఒడంబడిక కుదుర్చుటయే కష్టము. ఆ ఒడంబడికలు ముఖ్యముగా మూడు.

మొదటిది గుర్తు. ఒకే మనిషిని, ఒకే వస్తువును రెండు చిట్టాలును ఒకే గుర్తుతో ఎరుగవలెను. నేను ఈ పనిలో చేరిన తొలిదినములలో జరిగిన పొరపాటొకటి చెప్పెదను. ఒక మోటారు కంపెనీకి రెండు చిట్టాలను కలుపుచు మేము ఫోను నంబరునే గుర్తుగా నిర్ణయించితిమి. మనిషికొక ఫోను గలదు గదా యని మా తలంపు. పల్లెలలో ఇంటిల్లిపాదికిని ఒకే నంబరు ఇచ్చుట కలదని మాకు తట్టలేదు. ఒక ఊరిలో అన్నదమ్ములిద్దరు చెరియొక మోటారు కొని, ఇద్దరును తండ్రి నంబరునే వ్రాయించిరి. మా చిట్టాలలో ఆ యిద్దరును ఒక్కరైరి. అన్న మోటారు బాగుపడిన దినముననే తమ్ముని ఫిర్యాదు కూడ ముగిసినట్లు నమోదయ్యెను. అతడు ఎన్నిమారులు ఫోను చేసినను 'పని పూర్తియైనది' అనియే జవాబు. 11 దినములు నీరు లేక అతని మిరపతోట యెండిపోయెను. తప్పు యంత్రముది కాదు, గుర్తును ఎంచినవారిది, అనగా మాది.

భూమిని పట్టాదారు పేరును బట్టి గాక సర్వే నంబరును బట్టి గుర్తించుట మీరెరిగినదే. మోటారుపై చెక్కిన వరుస సంఖ్య అట్టిది. పిమ్మట మేము దానినే గుర్తుగా గైకొంటిమి.

గుర్తులలో ఇంకొక చిక్కు కూడ కలదు. సేల్స్‌ఫోర్సులో ప్రతి పద్దునకును 15 అక్షరముల గుర్తుండును. ఆంగ్లమున పెద్దక్షరములు, చిన్నక్షరములు అను భేదము కలదు గదా. ఆ గుర్తులో ఈ భేదము ముఖ్యము. కాని కొన్ని సాఫ్టువేరులు దానిని పాటింపవు. అచ్చట రెండు పద్దులు ఒక్కటిగా కనబడవచ్చును. అందుకై మరి 3 అక్షరములు చేర్చి 18 అక్షరముల గుర్తును కూడ ఏర్పరచిరి. మన తెలుగు లిపికి ఈ బాధ లేదు.

రెండవది ప్రమాణము. ఏ సంగతికి ఏ చిట్టా ప్రమాణమో ముందే నిర్ణయింపవలెను. చిరునామాకు కొనుగోలుదారుల చిట్టాయు, మరమ్మతు ఎంతవరకు వచ్చెననుటకు పనుల చిట్టాయు ప్రమాణములు. రెండును అన్నిటిని దిద్దవచ్చునన్నచో, నిన్నటి పాత చిరునామా వచ్చి నేటి క్రొత్తదానిని చెరిపివేయును.

మూడవది కబురు తప్పినప్పటి మాట. ఒక చిట్టా రెండవదానికి కబురంపెను; జవాబు రాలేదు. కబురే చేరలేదో, చేరినను జవాబు దారిలో తప్పెనో పంపినదానికి తెలియదు. మరల పంపినచో ఒక మోటారునకు ఇద్దరు మెకానిక్కులు బయలుదేరవచ్చును. కావున ప్రతి కబురునకును ఒక సంఖ్య వేయుదురు. ఆ సంఖ్య తనకడ ముందే యున్నచో, అందుకొనిన చిట్టా దానిని మరల వ్రాసికొనక జవాబు మాత్రము మరల పంపును. ఎన్నిమారులు పంపినను చేరని కబురులను వేరొక పట్టికలో నుంచి, ప్రతిదినమును ఒక మనిషి చూడవలెను.

ఇన్ని చేసినను ఒకటి మరువరాదు. రెండు చిట్టాలును ఏకమై పలికినంత మాత్రమున అది సత్యము కాజాలదు. ఆ తమ్ముని విషయమున రెండును ఏకమైయే యుండెను. పొలములోని మోటారు తిరుగుచున్నదా యనునదే సాక్ష్యము. అందుచేత, రైతునడిగి అతడు ఔనన్న పిదపనే ఫిర్యాదు ముగింపవలెనను నియమమును మేము చేర్చితిమి. అతని తోటను మాత్రము తిరిగి ఈయజాలకపోతిమి.

కావున మీ గ్రామమువారు ఫిర్యాదు చెప్పునపుడు పేరుతోను ఫోను నంబరుతోను సరిపుచ్చక, వస్తువుపై గల సంఖ్యను చదివి చెప్పుడనియు, ఫిర్యాదు సంఖ్యను వ్రాసికొనుడనియు దయతో బోధింపుడు. పని కాకున్నచో కాలేదనియే గట్టిగా చెప్పవలెను. ఆ మాటను వ్రాసికొనుటకు చోటులేని చిట్టా యెంత గొప్పదైనను కొరగానిదే.