కంప్యూటరు వాకిట ద్వారపాలకుడు

సూర్యాపేటకు చేరువనున్న పిల్లలమర్రి గ్రామమున కాకతీయుల కాలమునాటి శివాలయములు కలవు. ఆలయమునకు బోవువాడు మొదట చూచునది గర్భగృహము కాదు, ద్వారము. మన పూర్వులు ద్వారమునకు గొప్ప ప్రాముఖ్య మిచ్చిరి. ఇంటికి గడప, కోటకు సింహద్వారము, ఊరికి పొలిమేర ఏర్పరచిరి. వచ్చినవాడెవడు, ఏ పనిమీద వచ్చెను అని విచారించుటకు వాకిట నొకని నిలుపుట లోకాచారము.

విద్యార్థులారా! మీ పాఠశాలలోని కంప్యూటరునకును అట్టి వాకిలి యొకటి కలదు. మీట నొక్కిన కొంతసేపటికి తెరపై ఒక చిన్న పెట్టె కనబడి మీ పేరును, పాస్‌వర్డు అని వాడుకలోనున్న సంకేతపదమును అడుగును. ఆ తెరను లాగిన్ తెర యందురు. దానిని నడుపు ప్రోగ్రామునకు డిస్‌ప్లే మేనేజరు అని పేరు. మనము దానిని ద్వారపాలకుడని పిలుచుకొందము. లినక్సు అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునందు ఈ ద్వారపాలకుని మనమే ఎన్నుకొనవచ్చును. వాని వేషమును, భాషను గూడ మనమే దిద్దుకొనవచ్చును. అది యెట్లో తెలిసికొందము.

కంప్యూటరునకు ద్వారపాలకు డెందుకు? ఒక యంత్రమును పలువురు వాడుకొనుటయే దీనికి కారణము. 1961లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు ఫెర్నాండో కోర్బాటో అను శాస్త్రజ్ఞుడును, అతని సహచరులును ఒకే కంప్యూటరును అనేకులు ఏకకాలమున వాడుకొను పద్ధతిని రూపొందించిరి. ఒకరి ఫైళ్ళను మరియొకరు తెరువకుండుటకై అచట సంకేతపదములు వాడుకలోనికి వచ్చెను. కొన్ని యేండ్లకు అచటనే ఒక వింత జరిగినది. యంత్రమును నిర్వహించువారిలో నొకరు సంకేతపదముల పట్టికను, వేరొకరు ప్రవేశించువారికి చూపు స్వాగతవచనమును ఒకే సమయమున దిద్దుచుండిరి. తాత్కాలికముగా ఏర్పడిన రెండు ఫైళ్ళకును ఒకే పేరుండుటచే అవి తారుమారయ్యెను. ఆనాడు లోనికి వచ్చిన ప్రతివానికిని స్వాగతవచనమునకు బదులు అందరి సంకేతపదములును తెరపై కనబడెనట!

ఈ ఉదంతము ఒక పాఠమును నేర్పినది. సంకేతపదమును ఉన్నది ఉన్నట్లు ఎచటను వ్రాసి యుంచరాదు. మిర్యాలగూడ బియ్యపుమిల్లులకు పేరుగన్నది. మిల్లులో వడ్లను బియ్యముగా మార్చవచ్చును గాని, బియ్యమును మరల వడ్లుగా మార్చగలవారు లేరు. నేటి కంప్యూటరు మీ సంకేతపదమును అట్టి మరయందు వేసి, వచ్చిన ఫలితమును మాత్రమే దాచుకొనును. మీరు మరల వచ్చి సంకేతపదమును టైపు చేసినపుడు దానిని గూడ అదే మరయందు ఆడించి, రెండు ఫలితములును సరిపోయినచో తలుపు తీయును. ఇద్దరు పిల్లలు ఒకే పదము నెన్నుకొన్నను ఫలితములు వేరుగా నుండుటకై ప్రతి పదమునకును కొన్ని యాదృచ్ఛికమైన అక్షరములను కలుపుదురు. ఈ కలిపిన దానిని శాస్త్రజ్ఞులు ఉప్పు అని వ్యవహరింతురు. యూనిక్సు అను వ్యవస్థకై రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అనువారు ఈ పద్ధతిని వివరించుచు 1979లో వ్యాసము ప్రకటించిరి. లినక్సు నేటికిని ఆ మార్గమునే మరింత దృఢపరచి యనుసరించుచున్నది.

యూనిక్సు 1969లో పుట్టినది. దాని ననుసరించి ఫిన్లాండు దేశపు విద్యార్థియైన లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్సును వ్రాసెను. తొలినాళ్ళలో తెరపై అక్షరములే గాని బొమ్మలు లేవు. 1984లో మసాచుసెట్స్ విద్యాసంస్థయందే ఎక్స్ అను చిత్రమయ వ్యవస్థ రూపొందినది. 1988లో దానికి ఎక్స్‌డీఎం అను ద్వారపాలకుడు వచ్చెను. నేటి డిస్‌ప్లే మేనేజర్లకు ఇది పూర్వీకుడు.

ద్వారపాలకుని పనులు మూడు. మిల్లు వాకిటికి ధాన్యపుబండి వచ్చిన దనుకొనుడు. వాకిట నున్నవాడు "ఎవరు? ఏ యూరు?" అని యడుగును. లోపలి గుమాస్తా చీటీని పుస్తకముతో సరిచూచును. సరియైనచో బండిని కాటావైపు పంపుదురు. కంప్యూటరులోను ఇంతే. పలుకరించు భాగమును గ్రీటరు అందురు. అది పేరును, సంకేతపదమును తీసికొనును. పరీక్షించు పని వేరొక భాగమునది. పరీక్ష ముగిసిన పిదప మీ ఫైళ్ళతో, మీ అమరికలతో మీ గదిని తెరచి యిచ్చుట మూడవ పని. దానిని సెషను ప్రారంభించుట యందురు.

ఇక తేలికదనమును గురించి చెప్పవలెను. కొన్ని డిస్‌ప్లే మేనేజర్లు మిక్కిలి బరువైనవి. ఉదాహరణకు జీడీఎం అనునది తన లాగిన్ తెరను చూపుటకై గ్నోమ్ అను పెద్ద చిత్రమయ వ్యవస్థలోని ముఖ్యభాగమునే నడుపును. క్రొత్త యంత్రములకు అది భారము కాదు. కాని పాఠశాలలలోను, గ్రంథాలయములలోను ఉన్న యంత్రములు పలుమారు పాతవి. వాని మెమరీ స్వల్పము. వాకిటనే ఆయాసపడు యంత్రమును చూచి "ఇది పనికిరాదు" అని మూల పడవేయుట సులభము. తేలికయైన ద్వారపాలకుని, తేలికయైన డెస్క్‌టాపును అమర్చినచో అదే యంత్రము మరికొన్ని యేండ్లు పిల్లలకు వ్రాతపని నేర్పవచ్చును. తేలికదనము వట్టి సోకు కాదు, పొదుపునకు మార్గము.

అట్టి తేలికయైన వానిలో లైట్‌డీఎం ప్రసిద్ధమైనది. దీనిని రాబర్ట్ ఆన్సెల్ అను ప్రోగ్రామరు ప్రారంభించెను. ఉబుంటు అను ప్రసిద్ధ లినక్సు 2011 నుండి 2017 వరకు దీనిని తన ముఖ్యద్వారమున నిలిపినది. దీనిలోని విశేషమేమనగా, పలుకరించు గ్రీటరు వేరు, లోపలి యంత్రాంగము వేరు. వేషము నచ్చకున్నచో గ్రీటరును మాత్రము మార్చుకొనవచ్చును. అంతేగాక గ్రీటరునకు యంత్రముపై సంపూర్ణాధికారముండదు. అది లైట్‌డీఎం అను పేరుగల ఒక సామాన్య సభ్యునివలె నడచును. వాకిటివానికి కోశాగారపు తాళములు ఇయ్యరాదను నీతి యిచట కనబడును.

దీనిని అమర్చు విధమును వినుడు. డెబియను కుటుంబపు లినక్సులో, ఉపాధ్యాయుని యనుమతితో, టెర్మినలు తెరచి "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లైట్‌డీఎం లైట్‌డీఎం-జీటీకే-గ్రీటర్" అను ఆజ్ఞను ఈయవలెను. ఇచట తెలుగులిపిలో చెప్పితిని గాని టెర్మినలున దీనిని ఆంగ్లపు చిన్నక్షరములతోనే టైపు చేయవలెను. అంతకుముందే వేరొక డిస్‌ప్లే మేనేజరున్నచో, ఇద్దరిలో ఎవ్వరిని నిలుపవలెనని యంత్రమే యడుగును. ఒక వాకిట ఒక్కనినే నిలుపవలెను. ఎంపిక చేసి యంత్రమును మరల ప్రారంభించినచో క్రొత్తవాడు పలుకరించును.

వేషమును మార్చుటకు ఈటీసీ అను ఫోల్డరులోని లైట్‌డీఎం ఫోల్డరును చూడవలెను. అందు రెండు ముఖ్యమైన ఫైళ్ళు కలవు. లైట్‌డీఎం పేరున నున్న మొదటిది ద్వారపాలకుని నడవడిని నిర్ణయించును. గ్రీటరు పేరున నున్న రెండవది వాని రూపమును నిర్ణయించును. రెండును సాధారణమైన అక్షరముల ఫైళ్ళే. ఒక్కొక్క పంక్తిలో ఎడమవైపున అమరిక పేరు, నడుమ సమానగుర్తు, కుడివైపున మనము కోరిన విలువ ఉండును. వెనుకచిత్రము, అక్షరరూపము, గడియారము, పైపట్టీలో కనబడవలసిన బొత్తములు మొదలగునవి యన్నియు ఇట్లు మార్చవచ్చును. చూపు మందమైన విద్యార్థికై పెద్ద అక్షరములను, రంగుల భేదమును పెంచు బొత్తమును గూడ ఆ పట్టీయందు చేర్చవచ్చును. అతడు ఇతరుల సాయము లేకయే తన గదిలోనికి పోగలుగును.

భాష విషయము మరింత ముఖ్యమైనది. హైదరాబాదు నుండి విజయవాడకు పోవు జాతీయరహదారిపై కోదాడ దాటిన పిమ్మట రాష్ట్రము మారును గాని భాష మారదు. ఒకమారు తెలుగున అనువదించిన ప్రోగ్రాము రెండు రాష్ట్రముల పిల్లలకును, దేశాంతరములందలి తెలుగువారికిని పనికివచ్చును. హైదరాబాదునందలి స్వేచ్ఛ అను సంస్థ యువకులను, విద్యార్థులను కూర్చుకొని డెబియనుపై ఆధారపడిన తెలుగు లినక్సును రూపొందించినది. పిల్లలకై బాలస్వేచ్ఛ అను ప్రోగ్రాముల సముదాయమును గూడ సిద్ధపరచినది. 1991లో వెలువడిన యూనికోడు తొలి సంపుటముననే తెలుగులిపికి స్థానము లభించినది. మండలి, గిడుగు, సురన్న మొదలగు పేర్లతో సిలికానాంధ్ర వెలువరించిన అక్షరరూపములను ఎవ్వరైనను వెల చెల్లింపకయే వాడుకొనవచ్చును. యంత్రమునకు తెలుగు భాషను ఎన్నుకొని, తెలుగు అక్షరరూపమును స్థాపించి, దాని పేరును గ్రీటరు ఫైలునందు వ్రాసినచో, అనువాదమైన పదములు వాకిటనే తెలుగున కనబడును. అనువాదము కానివి ఆంగ్లముననే మిగులును. వానిని తెనిగించుట రేపు మీలో నెవరైనను చేయదగిన పని.

అయితే ఇచట కొన్ని చిక్కులున్నవి. మొదటిది చిత్రమును గూర్చినది. విద్యార్థి తన ఫోల్డరులోని బొమ్మను వెనుకచిత్రముగా పెట్టును; తెరపై అది రాదు. గ్రీటరు సామాన్య సభ్యుడని ముందే చెప్పుకొంటిమి గదా! ఇతరుల గదిలోని వస్తువును చూచు అధికారము వానికి లేదు. అందరును చదువగల ఉమ్మడి ఫోల్డరులో బొమ్మ నుంచినచో చిక్కు తీరును.

రెండవది కీబోర్డును గూర్చినది. సంకేతపదము టైపు చేయునపుడు అక్షరములు కనబడవు, చుక్కలే కనబడును. కీబోర్డు తెలుగునకు మారియున్నచో, మీరు ఆంగ్లమనుకొని కొట్టినది తెలుగైపోవును, తలుపు తెరచుకొనదు. కావున కీబోర్డు ఏ భాషలో నున్నదో చూపు గుర్తును పట్టీయందు ఉంచుట మంచిది. పెద్దక్షరముల మీట నొక్కియున్నదేమో గూడ చూచుకొనవలెను.

మూడవది మరింత విచిత్రమైనది. సంకేతపదము సరియైనదే, తెర ఒక్క క్షణము నల్లబడి మరల లాగిన్ పెట్టెయే వచ్చును. దీనికి ద్వారపాలకుడు దోషి కాకపోవచ్చును. డిస్కు నిండిపోయి, సెషను ప్రారంభమునకు కావలసిన చిన్న ఫైలు వ్రాయుటకు చోటు లేనపుడు గూడ ఇట్లే జరుగును. కారణము వెదకక మరల మరల సంకేతపదము మార్చుట వ్యర్థము. యంత్రము ఎప్పటికప్పుడు వ్రాయు దినచర్యవంటి లాగ్ ఫైళ్ళను చదివినచో అసలు సంగతి బోధపడును.

ముఖ్యద్వారము మూతపడినచో లినక్సునందు దొడ్డిదారి గూడ కలదు. కంట్రోలు, ఆల్టు, ఎఫ్3 అను మూడు మీటలను కలిపి నొక్కినచో సాధారణముగా అక్షరములు మాత్రమే గల పాతకాలపు తెర వచ్చును. అచటను పేరు, సంకేతపదము చెప్పియే పోవలెను. లోనికి పోయి తప్పును దిద్దుకొనవచ్చును. అందుచే మూడు నియమములను పాటింపుడు. మార్చుటకు ముందు ఫైలునకు నకలు తీసియుంచుడు. ఒకమారు ఒక్క మార్పే చేయుడు. ద్వారపాలకుని మరల ప్రారంభించుటకు ముందు తెరచియున్న పనులన్నిటిని భద్రపరచుడు; ఏలయన అతడు కదలినచో చిత్రమయ సెషనులన్నియు మూసికొనిపోవును.

కొందరు "ప్రతిదినము ఈ సంకేతపదముల బాధ యేల? యంత్రము తానే లోనికి పోవునట్లు చేసిన చాలదా?" అందురు. లైట్‌డీఎంలో ఆ అమరికయు కలదు. ఒకే విద్యార్థి వాడు యంత్రమున, అదియు ఇంటిలో, దాని నొప్పుకొనవచ్చును. నలుబదిమంది వాడు పాఠశాల యంత్రమున అట్లు చేసినచో అందరికిని ఒకే గది యగును. ఒక బాలిక శ్రమించి వ్రాసిన వ్యాసమును మరియొకడు పొరపాటుననో, కొంటెతనముననో చెరిపివేయును. ఎవ్వడు చేసెనో తెలిసికొనుటకు మార్గముండదు. అపుడు నిరపరాధియు నింద పడును. ఒక్కొక్కరికి వేరు పేరు, వేరు గది యుండుట వలన శ్రమకు రక్షణ, నిజమునకు సాక్ష్యము కలుగును. స్నేహము ఎంత గాఢమైనను సంకేతపదమును స్నేహితునకు చెప్పరాదు. చెప్పలేదని స్నేహితుడు నొచ్చుకొనరాదు.

విద్యార్థులారా! వెల చెల్లించి కొన్న ప్రోగ్రాములు పెక్కింటి లోపలి నిర్మాణమును మనము చూడజాలము. లినక్సునందు అట్లు కాదు. వ్రాసినవారు తమ వ్రాతను లోకమునకు వదలిపెట్టిరి. చదువుట, మార్చుట, మార్చినదానిని ఇతరులకు పంచుట మన హక్కులు. వానితోపాటు జాగ్రత్తయు మన బాధ్యతయే. పది పంక్తుల చిన్న ఫైలును నకలు తీసి, ఓర్పుతో మార్చి, ఫలితమును పరీక్షించి, తప్పైనచో దిద్దుకొన్న విద్యార్థి యంత్రమునకు సేవకుడుగా నుండక దానికి యజమాని యగును. అట్టివాడు సిద్ధపరచిన పాతయంత్రము ముందు కూర్చున్న ఐదవ తరగతి పిల్లవాడు తెరపై తన పేరును తెలుగున చదువుకొని, ఎవ్వరిని అడుగకయే లోనికి పోగలిగినచో ఆ విద్య సార్థకమైనట్లే.