ఎఱ్ఱరాతి సీమ

మన కాచిగూడ ఇండ్లలో వంటగట్టుపై పఱచిన నల్లని బండను మీరందఱు చూచియే యుందురు. దానిని కొందఱు కడపరాయి యనియు, కొందఱు తాడిపత్రి బండ యనియు, నాపరాయి యనియు చెప్పుదురు. దినదినము దానిమీద కూరగాయలు తఱుగుచునేయున్నను, అది యెక్కడిదని యడిగిన బాలురు తక్కువ. ఆ బండ పుట్టిన దేశమునకు పోవు రైలుమార్గము మన వాకిటనే యున్నది. 1916వ సంవత్సరమున కట్టిన కాచిగూడ స్టేషనునుండి బయలుదేరినవారు మహబూబునగరము, గద్వాల, కర్నూలు, ద్రోణాచలము, గుత్తి మీదుగా తాడిపత్రి చేరవచ్చును. దారిలో మొదట కృష్ణయు, తరువాత తుంగభద్రయు దాటవలెను. అటుపై చెట్లు పలుచబడును, నేల యెఱ్ఱబాఱును, కొండలు బల్లపఱపుగా కనబడ నారంభించును.

ఈ సీమను ఎడారి యనుట వాడుకయేగాని, అది నిజమైన ఎడారి కాదు. నైరృతి ఋతుపవనపు మేఘములు పడమటి కనుమలమీదనే చాలవఱకు కురిసిపోవును. ఈశాన్య ఋతుపవనము సముద్రతీరమును తడిపి, ఇంతదూరము వచ్చుసరికి బలము కోల్పోవును. అందుచే అనంతపురము ప్రాంతమున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడును. మన హైదరాబాదున 800 మిల్లీమీటర్లవఱకు పడుచున్నది. ఆ కొంచెమును వేళకు పడినచో పంట, పడనిచో కఱవు.

ఇక ఱాళ్ల సంగతి. దానిని తెలిసికొనుటకు ముందుగా తార్నాకవఱకు పోయిన చాలును. ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణలో 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల భవనమును కట్టినది గ్రానైటు రాతితోనే. చుట్టుపట్ల నేలలోనుండి పైకివచ్చిన గుండ్లును ఆ జాతివే. భూగర్భమున కరగియున్న పదార్థము మెల్లగా చల్లాఱి గడ్డకట్టగా గ్రానైటు ఏర్పడెను. దాని వయస్సు సుమారు 250 కోట్ల ఏండ్లు. దానిలో పొరలు లేవు. కావున ఎండకు, వానకు మూలలు అరగి గుండ్రని గుండ్లగును.

ఎఱ్ఱరాతి సీమలోని రాయి యిట్టిది కాదు. మన గ్రానైటువంటి పాతరాళ్లపై కడప ప్రాంతమున ఒకప్పుడు విశాలమైన పల్లము ఏర్పడి, దానిలో సముద్రము నిలిచెను. ఏళ్లు తెచ్చిన ఇసుక అడుగున పొరమీద పొరగా పడి, పై బరువుచే అణగి, యుగములు గడచినమీదట ఇనుమువలె గట్టిపడెను. దీనిని క్వార్ట్‌జైటు అందురు. ఇసుక నిలిచిన చోట ఈ రాయియు, సున్నపు బురద నిలిచిన చోట మన వంటింటి నాపరాయియు పుట్టినవి. క్వార్ట్‌జైటు పలకలపై అక్కడక్కడ నీటి అలల జాడలు చెఱువు అంచున నిన్న ఏర్పడినట్లు కనబడును. ఈ ఱాళ్లను క్రమముగా పరిశీలించి విలియం కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1872లో ఒక గ్రంథము ప్రకటించెను. నేటికిని ఈ శాస్త్రము చదువువారు ఆయన పేరు తలపక తప్పదు.

ఎఱుపెక్కడిదందురా? ఇసుకరేణువు స్వతహాగా తెల్లనిదే. రేణువులనంటియున్న ఇనుము గాలితోను నీటితోను కలిసి త్రుప్పు పట్టును. పాత మేకుపై చూచెడి త్రుప్పే కొండలకు పట్టిన రంగు. సాయంకాలపు ఎండలో ఆ రంగు రెట్టింపగును.

ఈ రాతి వైభవమంతయు గండికోటలో చూడవలెను. కర్ణాటకమునందలి నందికొండలలో పుట్టిన పెన్నానది యిచ్చట ఎఱ్ఱమలను చీల్చుకొని పోయినది. ఆ చీలికయే గండి. కోట పాదమున ఏటి వెడల్పు సుమారు 300 అడుగులకు తగ్గిపోయినది. ఇంత గట్టిరాతిని ఇంత పలుచని యేఱు ఎట్లు కోసెనని సందేహము కలుగును. ఈ రాతికి నిలువునను అడ్డముగను సహజమైన పగుళ్లు కలవు. వరద ఇసుకతో క్రిందిభాగమును ఒరయగా, ఆధారము తప్పిన రాయి ఆ పగుళ్లవెంబడి చదరపు దిమ్మలుగా విఱిగిపడును. అందుచేతనే గండి గోడలు తాపీవారు ఇటుకలు పేర్చినట్లున్నవి. దీనిని అమెరికాలోని కొలరాడో నది లోయతో పోల్చుట నేడు అలవాటైనది. ఆ లోయ 446 కిలోమీటర్ల పొడవు, మైలు లోతు గలది. పోలిక మనకు చిన్నతనమే తెచ్చును గాని గౌరవము తేదు. గండికోటను గండికోటగా చూచుటయే మేలు.

కోటను చిరకాలము పెమ్మసాని నాయకులు ఏలిరి. పిమ్మట గోలకొండ సేనాని మీర్ జుమ్లా దానిని పట్టుకొనెను. 1652లో టావెర్నియరు అను ఫ్రెంచి రత్నవర్తకుడు అతనిని అక్కడనే కలిసికొనెను. అనగా నాడును మన నగరమునకు ఆ కొండలతో రాకపోకలు కలవు. మాధవరాయ, రంగనాథ ఆలయములును, జుమ్మా మసీదును, ధాన్యాగారమును ఒకే ప్రాకారమున నిలిచియున్నవి.

ఈ ప్రాంతమున ఏటికి ఇప్పుడు రెండు ఆనకట్టలు కలవు. ఒకటి గండికోట పేరిటిది, రెండవది దిగువ మైలవరమునొద్ద. గండికోట జలాశయమునకు పెన్న నీరు చాలక, శ్రీశైలమునుండి కృష్ణనీటిని గాలేరు-నగరి కాలువద్వారా తెచ్చుచున్నారు. దీనిలో 26.85 శతకోటి ఘనపుటడుగుల నీరు పట్టును. 2020లో నీటిమట్టము పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరు గ్రామము మునిగినది. దానితోపాటు ఇండ్లు, గుళ్లు, పొలముల గట్లు. నీరులేక నలిగిన సీమకు నీరు వచ్చుట శుభమే. ఆ నీటికి మూల్యమిచ్చినవారు ఆ పల్లెలవారే యని విద్యార్థులు గుర్తెఱుగవలెను.

ఊళ్లలో తాడిపత్రి చూడదగినది. పెన్నయొడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయమును, ఊరిలో చింతల వేంకటరమణాలయమును పెమ్మసానివారే కట్టించిరి. బుగ్గయనగా నీటియూట, కఱవుసీమలో దేవునికి ఊటపేరు పెట్టినవారి మనస్సు తెలియుచున్నది. జమ్మలమడుగు గండికోటకు 15 కిలోమీటర్లలో నున్నది. లండన్ మిషనువారు స్థాపించిన క్యాంబెల్ ఆసుపత్రి యచ్చటనే. కొలిమిగుండ్ల సమీపమున బెలుము గుహలు కలవు. సున్నపురాతిని భూగర్భజలము కరగించుటచే ఏర్పడిన యా సొరంగములు 3,229 మీటర్ల పొడవు. 2002లో యాత్రికులకై తెఱచిరి.

ముండ్లపొదలు తప్ప మఱేమియు లేని నేల యని లెక్కలలో బంజరు క్రింద వ్రాసిన చోటనే కలివికోడి యను చిన్న పక్షి కలదు. ప్రపంచమున మఱి యెచ్చటను దాని ఉనికి తెలియదు. అది రాత్రివేళ సంచరించును. 1848లో జెర్డను అను వైద్యుడు దానిని శాస్త్రలోకమునకు తెలిపెను. 1900లో అనంతపురము ప్రాంతమున దానిని చూచినవాడు హోవర్డు క్యాంబెల్ అను మిషనరీ. తరువాత 86 సంవత్సరములు దాని జాడ లేదు, నశించెననియే తలచిరి. 1986లో బొంబాయి ప్రకృతిశాస్త్ర సంఘమువారు బొమ్మ చూపి పల్లెలవారి నడుగగా, కడప జిల్లాలో ఒక పల్లెవాడు రాత్రి దీపపు వెలుతురున పట్టితెచ్చెను. పాపము, ఆ పక్షి బ్రతుకలేదు. ఆ ప్రాంతమునే లంకమల్లేశ్వర అభయారణ్యముగా నేర్పఱచిరి. తరువాత తెలుగుగంగ కాలువ దాని పొదలగుండా త్రవ్వబడుచుండగా, కాలువదారినే మార్చవలసి వచ్చెను. కర్నూలు దిక్కున రోళ్లపాడు గడ్డిభూములను 1988లో బట్టమేక పక్షికై కేటాయించిరి. చుట్టును సేద్యము పెరుగుటచే ఆ పక్షి అక్కడ కనబడుట నేడు మిక్కిలి అరుదు.

పోదలచినవారు కార్తీకమునుండి మాఘమువఱకు గల దినములలో పోవలెను. వేసవిలో ఆ బండలమీద కాలు మోపజాలరు. నీటికూజా తప్పక కొనిపోవలెను. గండి అంచున చాలచోట్ల కంచె లేదు. పిల్లలను పెద్దలు చేయిపట్టుకొని నడిపింపవలయును.