వార్తల్లో పదం: డిజియాత్ర

కలికిరి, మదనపల్లె వాళ్లు విమానం ఎక్కాలంటే చాలామంది బెంగళూరుకే పోతారు. ముఖమే గుర్తింపు కార్డుగా పనిచేసే డిజియాత్ర అక్కడ 2022 డిసెంబరు 1న మొదలైంది. 2023లో హైదరాబాద్, విజయవాడలకూ వచ్చింది.

యాప్‌లో ఆధార్‌తో నమోదై, సెల్ఫీ దిగి, బోర్డింగ్ పాస్ జతచేయాలి. గేటు దగ్గర కెమెరా వైపు చూస్తే, ముఖమూ టికెట్టూ సరిపోలగానే తలుపు తెరుచుకుంటుంది. ఒకరి టికెట్‌పై ఇంకొకరు దూరడం కష్టం. భద్రతకు అసలు లాభం ఇదే. ఒంటి తనిఖీ, సామాను తనిఖీ మాత్రం తప్పవు.

ఇది దేశీయ ప్రయాణాల కోసం మొదలైన సేవ. కువైట్‌కు పోయే మనవాళ్లకు ఇమిగ్రేషన్ వరుస ఉండనే ఉంటుంది.

విమానాశ్రయానికి పంపిన వివరాలను 24 గంటల్లో చెరిపేస్తామని నిర్వాహకుల హామీ. నమోదు తప్పనిసరి కాదు. గేటు దగ్గర ఎవరైనా ఒత్తిడి చేస్తే వద్దనండి. గుర్తింపు కార్డు చూపించి మామూలు దారిలోనే వెళ్లొచ్చు.